పద్నాలుగు అడుగుల దగ్గర ఆగిన బద్ద

మా ఇంటి డ్రైనేజీ లైనులో తేడాను మొదట కనిపెట్టింది మా అత్తయ్య. కంటితో కాదు, చేతికర్రతో. ఎనభై రెండేళ్ల మనిషి, రోజూ పొద్దున్నే ఇంటి గుమ్మం నుంచి గేటు దాకా పదిసార్లు అటూ ఇటూ నడుస్తారు. 2024 మే నెలలో ఒకరోజు ఉప్మా తింటూ, "గేటుకు వెళ్లే దారిలో నేల బోలుగా మోగుతోందమ్మా, ఒకసారి చూడు" అన్నారు. కర్ర అడుగున రబ్బరు బిళ్ల అరిగిపోయి ఉంటుందనుకుని కొత్తది తెచ్చి తొడిగాను. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ధ్వని పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా ఆ మాట చెవికెక్కలేదు.

హైదరాబాదులో పాత కాలనీ మాది. ఇల్లు మా మామగారు 1987లో కట్టించారు. ఇంటి పక్కన ఒక ఛాంబర్, అంటే మూత ఉన్న మురుగు గుంత, గేటు లోపల ఇంకో ఛాంబర్, రెండింటి మధ్య ముప్పై రెండు అడుగుల డ్రైనేజీ లైను. ఆ రోజుల్లో అందరూ వేసినట్టే ఆరంగుళాల స్టోన్‌వేర్ పైపులు వేశారు. జేగురు రంగులో నున్నగా మెరిసే కాల్చిన మట్టి గొట్టాలు అవి. ఒక్కోటి రెండడుగులే. అంటే ముప్పై రెండు అడుగులకు పదహారు ముక్కలు, పదిహేను అతుకులు. ప్రతి అతుకులోనూ సిమెంటు పాలలో ముంచిన జనపనార దూర్చి, పైన సిమెంటు మెత్తారు. నేల కింద ఉన్నదాని గురించి ముప్పై ఏడేళ్లు ఎవరికీ ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

జూన్ చివర్లో వానలు పట్టుకున్నాక అవసరం వచ్చింది. వాషింగ్ మెషీన్ నీళ్లు వదలగానే స్నానాలగదిలో నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ గుడగుడమనేది. మరుగుదొడ్డిలో నీళ్లు వదిలితే అంచు దాకా లేచి, మన గుండె ఆగాక, మెల్లగా దిగేవి. చోద్యం ఏమిటంటే, పై వాటాలో అద్దెకున్న దంపతులకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్లు స్నానం చేస్తే ఆ నురగ మా స్నానాలగదిలో తేలేది. ఒక గదిలోనే నీళ్లు నిలిస్తే తప్పు ఆ గది ట్రాప్‌లో ఉన్నట్టు. కింది వాటాలో అన్ని గదులూ ఒక్కసారే మొరాయిస్తే తప్పు బయటి లైనులో ఉన్నట్టు. మూతలు తీసి చూస్తే అదే తేలింది. ఇంటి పక్క ఛాంబర్ నిండుకుండలా ఉంది, గేటు దగ్గరిది దాదాపు పొడిగా ఉంది. అడ్డు ఆ రెండింటి మధ్యే.

మొదట వచ్చిన ప్లంబరు పొడవాటి వెదురు బద్ద దూర్చి అరగంట పొడిచాడు. బుడుంగున శబ్దం వచ్చి నీళ్లు దిగిపోయాయి. పదిహేను వందలు ఇచ్చాం. పందొమ్మిది రోజులకు మళ్లీ నిండింది. రెండో ప్లంబరు ఇనుప తీగ తెచ్చాడు. పొడిచి పొడిచి, తీగ ఆగినచోట ఒక గుడ్డపీలిక కట్టి, "ఇక్కడే పట్టుకుంటోంది మేడమ్. గేటు బయట మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపి అటునుంచి పొడిపిస్తే పది నిమిషాల పని" అన్నాడు. మనిషిని దింపే మాట ఈ ఇంట్లో ఎత్తవద్దన్నాను. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం నేరం. ఆ గోతుల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో ముప్పై లక్షలకు పెంచింది కూడా. చట్టం సంగతి అటుంచితే, లోపలి వాయువు ఎవరినైనా రెండు మూడు ఊపిరుల్లో పడగొడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి బోర్డు మీద రాసి చెప్పిన చేతులతో ఒక మనిషిని అందులోకి పంపలేను. అతను కొంచెం నొచ్చుకున్నా, ఇంకో అరగంట పొడిచి నీళ్లు దింపి వెళ్లాడు.

అతను వెళ్లాక ఎందుకో ఆ గుడ్డపీలిక గుర్తొచ్చి, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి తీగ కొలిచాను. పద్నాలుగు అడుగుల రెండంగుళాలు. మొదటి ప్లంబరు మరిచిపోయి వెళ్లిన వెదురు బద్ద ప్రహరీకి ఆనించి ఉంది. దాని మీద ఎండిన మురికి చార ఉంది కదా, దాన్నీ కొలిచాను. పద్నాలుగు అడుగులకు కాస్త అటూ ఇటూ. ఇద్దరు మనుషులు, రెండు పనిముట్లు, మధ్యలో పందొమ్మిది రోజులు, ఆగిన చోటు మాత్రం ఒక్కటే. జిడ్డో గుడ్డో అడ్డుపడితే ప్రతిసారీ అదే చోట ఎందుకు పడుతుంది? ఆ ప్రశ్న ఆ రోజే గట్టిగా వేసుకుని ఉంటే కనీసం నాలుగువేలు మిగిలేవి. వేసుకోలేదు.

ఎందుకంటే ఎనిమిది రోజులకే మళ్లీ నిండింది. ఈసారి జెట్టింగ్ మిషన్ పిలిపించాం. ఒత్తిడితో నీళ్లు కొట్టే గొట్టాన్ని గేటు వైపు నుంచి లోపలికి పంపారు. నీళ్లు ధాటిగా వచ్చాయి. వాటితోపాటు ఎర్రమట్టి, మొరం రాళ్లు వచ్చాయి. ఆఖర్న అరచేయంత పెంకు ఒకటి వచ్చింది. కడిగి చూశాను. ఒకవైపు నున్నగా జేగురు రంగు మెరుపు, విరిగిన అంచు మాత్రం కొత్త ఇటుకలా పచ్చిగా ఉంది. మిషన్ కుర్రవాడు, "లైను క్లియర్ అయిందమ్మా" అని సంతకం పెట్టించుకున్నాడు.

లైనులోంచి ఏమి వచ్చిందో చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. వెంట్రుకలు, జిడ్డు ముద్దలు, గుడ్డపీలికలు వస్తే అది అడ్డు. మన ఇంట్లోంచి పోయినవే తిరిగి వచ్చాయన్నమాట. మట్టి, రాళ్లు, పెంకులు, వేర్లు వస్తే మాత్రం పైపుకు కన్నం పడినట్టు. మట్టిని మనం మరుగుదొడ్డిలో పోయలేదు కదా. పైగా విరిగిన పైపులో ఒత్తిడితో నీళ్లు కొడితే చుట్టూ ఉన్న మట్టి కూడా కొట్టుకుపోతుంది. మా ఇంట్లో అదే జరిగింది. మూడో రోజు పొద్దున్న పోర్టికోలో రెండు పార్కింగ్ టైల్స్ వేలెడు లోతు కుంగి ఉన్నాయి. అత్తయ్య వాటి అంచున నిలబడి కర్రతో ఒకసారి తట్టారు. ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు మోగింది. నావైపు చూశారే తప్ప ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అయినా నిర్ధారించుకోకుండా తవ్వించడం ఇష్టం లేక ఒక పరీక్ష చేశాను. పది బకెట్ల నీళ్లలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి ఇంటి పక్క ఛాంబర్‌లో ఒకదాని తర్వాత ఒకటి పోశాం. గేటు దగ్గర ఛాంబర్ మూత తీసి మావారు కూర్చున్నారు. నీలం రంగు వచ్చింది కానీ సన్నటి ధారగా, మహా అయితే రెండు మూడు బకెట్లంత. ఇంటి పక్క ఛాంబర్‌లో మట్టం పెరగలేదు. మరి మిగిలిన నీళ్లు ఏమైనట్టు? మావారు తల ఎత్తి సంపు మూత వైపు చూశారు. నేనూ అటే చూశాను. కుంగిన టైల్స్‌కూ మా మంచినీళ్ల సంపుకూ మధ్య దూరం అయిదడుగులు.

ఆ సాయంత్రం నీళ్లలో సూక్ష్మజీవులను పట్టించే చిన్న సీసా ఒకటి తెప్పించాను. హెచ్2ఎస్ సీసా అంటారు. బడిలో పిల్లలతో చేయించేదాన్ని. గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గదిలో ఉంచాలి, నీళ్లలో మలసంబంధమైన బాక్టీరియా ఉంటే నల్లబడుతుంది. సంపు నీళ్లు పోసి వంటింటి కిటికీలో పెట్టాను. మర్నాడు సాయంత్రానికి తారులా నల్లగా అయింది. తాగడానికి మాకు ఫిల్టరు ఉంది. కానీ పళ్లు తోముకున్నదీ కూరగాయలు కడిగిందీ ఆ నీళ్లతోనే. జూలైలో అత్తయ్యకు రెండుసార్లు విరేచనాలయితే మామిడిపళ్లు ఎక్కువ తిన్నారని ఆవిడనే కోప్పడ్డాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పైపులో కెమెరా పంపి చూపించే అతన్ని వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడువేల అయిదువందలు. లైనులో నీళ్లు లేకుండా చేసి, తీగ చివర దీపమున్న కెమెరాను దూర్చాడు. చిన్న తెర మీద గుండ్రటి సొరంగం కదులుతూ వస్తోంది. తెర మూలన దూరం అంకెలు. ఆరడుగుల దగ్గర ఒక అతుకులోంచి తెల్లటి వేర్లు, దారప్పోగుల్లా వేలాడుతున్నాయి. పదడుగుల దగ్గర గుండ్రటి ఆకారం కాస్తా కోడిగుడ్డులా అయింది. పద్నాలుగు దగ్గర పైకప్పు లేదు. పైన చీకటి, కింద మట్టి కుప్ప, పక్కన నిలువుగా గుచ్చుకుని ఉన్న పెంకు. అమ్మయ్య అనిపించింది, చెప్పడానికి వింతగా ఉన్నా.

అమెరికాలో ఉన్న తమ్ముడికి ఆ వీడియో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, మా ఇంటికీ ఇదే అయింది. మాదైతే కాగితం పైపు!" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. నిజమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ చాలా ఇళ్లకు ఆరంజ్‌బర్గ్ అనే పైపు వేశారట. చెక్క గుజ్జును తారులో నానబెట్టి చేసినది. 1970ల మొదట్లో దాని తయారీ ఆగిపోయింది. నేల బరువుకు అది నొక్కుకుపోయి, పొరలు లేచి మూసుకుపోతుంది. తవ్వకుండా పాత పైపు లోపలే కొత్త పొర పోసే పద్ధతి ఉంది, అది చేయించమన్నాడు. అడిగి తెలుసుకున్నాను. పైపు పగిలి ఆకారం నిలిచి ఉంటే ఆ పొర పనికొస్తుంది. పైకప్పే కూలి మట్టి నిండినచోట పొర ఆనడానికి ఏమీ ఉండదు. తవ్వక తప్పదు.

తవ్వడం ఖాయమయ్యాక, ఎంత తవ్వాలన్న దాని మీద మేస్త్రికీ నాకూ పడింది. "కూలినచోట ఆరడుగులు మార్చేస్తే చాలమ్మా, మిగతాది రాయిలా ఉంటుంది" అంటాడు ఆయన. ముప్పై ఏడేళ్ల అతుకులు ఇంకా పదికి పైగా ఉంటాయి కదా అంటాను నేను. గోతిలో దిగాక చూద్దామని రాజీపడ్డాం.

గునపం పడగానే టైల్స్ కింద మోకాలి లోతు గుహ బయటపడింది. దాని పైన రోజూ స్కూటరు నిలుపుతున్నాం. కింద పైపు ఏడు ముక్కలై ఉంది. మేస్త్రి ఒక పట్టున గుంజితే వేర్ల కట్ట మొత్తం బయటికి వచ్చింది. అచ్చం ఆడవాళ్లు జడకు పెట్టుకునే సవరంలా, మూరెడు పొడవు, పైన బొటనవేలంత లావు, చివర వెంట్రుకల్లా పలచబడి, పైపు ఒంపునే అచ్చుపోసినట్టు వంగి. ప్రహరీ పక్కన మా వేపచెట్టుది. చెట్టును తిట్టబోయాను కానీ కారణం అదొక్కటే కాదు. 2019లో పై వాటా కట్టినప్పుడు ఇసుక లారీలు వెనక్కి వచ్చి సరిగ్గా ఇక్కడే దించేవి. అక్కడ పైపు మీద ఉన్నది రెండడుగుల మట్టే. లారీ పగులు తీసింది, తడి వాసన పట్టి వేరు ఆ పగుల్లో దూరింది, ప్రతి వానకూ కాస్త మట్టి లోపలికి జారింది.

మిగతా పైపుల సంగతి మేస్త్రి తన పద్ధతిలో తేల్చాడు. తాపీ పిడితో ఒక్కోదాన్ని తట్టాడు. మంచిది ఖంగుమని గంటలా మోగుతుంది. పగిలింది తడిసిన డప్పులా మొద్దుగా పలుకుతుంది. బయటపడ్డ ఆరింటిలో ఖంగుమన్నవి రెండే. ఇంక వాదించలేదు. తాపీ పక్కన పెట్టి, "మొత్తం మార్చేద్దామమ్మా" అన్నాడు. మా అత్తయ్య కర్రా ఆయన తాపీ పిడీ చెప్పింది ఒకటే మాట.

పని నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కింది వాటాలో ఒక్క చుక్క నీళ్లు వదలడానికి లేదు. పై వాటా నుంచి దిగే పైపును మాత్రం కోసి, నేల మీదుగా నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు వేసి గేటు దగ్గర ఛాంబర్‌లోకి కలిపాం. అందరికీ అదొక్కటే స్నానాలగది. అద్దెకున్న అమ్మాయి తనే దిగివచ్చి, "అమ్మమ్మా, తలుపు గడియ వేయను, మీరు ఎప్పుడైనా రండి" అంది. అత్తయ్య పద్దెనిమిది మెట్లు ఎక్కారు. తొమ్మిదో మెట్టు మీద కుర్చీ వేసి ఉంచాం. రాత్రి పదింటి తర్వాత ఎక్కాల్సి వస్తుందని సాయంత్రం నుంచే మంచినీళ్లు తాగడం మానేశారని మూడో రోజుగానీ నాకు తెలియలేదు.

కొత్త లైనుకు ఇళ్ల బయట కనిపించే బూడిద రంగు పైపులు వద్దన్నాను. అవి గోడల వెంట దిగడానికి చేసినవి. నేలలో పూడ్చడానికి వేరే పైపులు దొరుకుతాయి, బరువుకు తట్టుకునే బలాన్ని బట్టి వాటి మీద ఎస్‌ఎన్4, ఎస్‌ఎన్8 అని ముద్రిస్తారు. గేటు దారి కాబట్టి ఎస్‌ఎన్8 రకం, 160 మిల్లీమీటర్లది తీసుకున్నాం. మూడు మీటర్ల ముక్కలు నాలుగు. ఒకదానిలో ఒకటి దూరేచోట రబ్బరు చుట్టు ఉంటుంది. పదిహేను అతుకుల స్థానంలో ఇప్పుడు మూడు.

అసలు గొడవ వాలు దగ్గర వచ్చింది. ఆరంగుళాల పైపుకు అరవై అడుగులకు ఒక అడుగు వాలు అన్నది పాత లెక్క. ముప్పై రెండు అడుగులకు ఆరున్నర అంగుళాలు కావాలి. మేస్త్రి దారం కట్టి, ఒక కన్ను మూసి, "సరిగ్గా ఉంది" అన్నాడు. ముప్పై ఏళ్ల కన్ను, కాదనడానికి నేనెవరిని? అయినా లెవెల్ పైపు తెమ్మన్నాను. అదే, నీళ్లు నింపిన పారదర్శకమైన సన్న గొట్టం. ఒక కొస ఆయన పట్టుకున్నారు, రెండో కొస నేను. ఎనిమిదడుగులకు ఒకచోట ప్రహరీ మీద పెన్సిలు గీతలు పెట్టుకుంటూ వెళ్లాం. మొత్తం వాలు సరిపోయింది కానీ, నడుమ రెండో అతుకు దగ్గర పైపు ఉండాల్సినదానికంటే దిగి ఉంది. అక్కడి నుంచి కొంత దూరం ఎదురువాలు. పైకి చూస్తే తెలియదు. లోపల మాత్రం ఎప్పుడూ గ్లాసెడు నీళ్లు నిలిచి, ఏడాదికల్లా అక్కడే ముద్ద పేరుకుంటుంది. మేస్త్రి ఒక నిమిషం గొట్టంలోని నీళ్ల వంక చూసి, కుర్రవాళ్లను పిలిచి ఆ రెండు ముక్కలూ లేపించి కింద ఇసుక పోయించాడు. మర్నాడు నుంచి తనే లెవెల్ పైపు భుజాన వేసుకుని వచ్చాడు.

మట్టి వేసేముందు రెండు పరీక్షలు. గేటు వైపు కొసను బిగించి, లైను నిండా నీళ్లు నింపి, ఇంటి పక్క ఛాంబర్‌లో మట్టానికి సుద్దగీత పెట్టి అరగంట ఆగాం. గీత దగ్గరే ఉంది. రెండోది అత్తయ్య పూజగదిలో ఉన్న నిమ్మకాయతో. నిజానికి దీనికి బంతి వాడతారు, ఇంట్లో బంతి లేదు. "దిష్టి తీయడానికి దాచాను, సరేలే" అంటూ ఇచ్చారు. ఇంటి వైపు వేసి ఒక చెంబు నీళ్లు పోశాం. నేను గేటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను. లోపల ఎక్కడో డొల్లుతున్న చప్పుడు, తర్వాత పచ్చటి నిమ్మకాయ ఛాంబర్‌లోకి దూకి గిర్రున తిరిగింది. మేస్త్రి కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు.

పూడ్చేటప్పుడు కూడా పక్కనే నిలబడ్డాను. తవ్వి తీసిన కాంక్రీటు గడ్డలు అక్కడే గుట్టగా ఉంటాయి, పారతో నెట్టేస్తే పని అయిపోతుంది. ఒక గడ్డ పడబోయింది కూడా. పైపు కింద నాలుగంగుళాలు, పక్కల్లో నిండుగా, పైన జానెడు ఇసుకే పోయాలి. ఆ తర్వాత రాళ్లు ఏరిన మట్టి, పొరకొకసారి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. అప్పట్లో లారీలు ఆగినచోట ఆరడుగుల మేర పైన కాంక్రీటు పలక వేయించాం, మళ్లీ లారీ వచ్చినా బరువు పైపు మీద పడకుండా.

సంపును ఖాళీ చేయించి చూస్తే గోడలో ఒకచోట తల వెంట్రుకంత పగులు, దాని చుట్టూ పళ్లెమంత గోధుమరంగు మరక. లోపలంతా కొత్త పూత వేయించి, బ్లీచింగ్ నీళ్లు ఒక రాత్రంతా నిలిపి పారబోసి, మళ్లీ నింపాం. రెండో సీసా రెండు రోజులు కిటికీలో ఉన్నా రంగు మారలేదు. మూడో సీసా కూడా పెట్టాను. మావారు నవ్వారు. నవ్వనివ్వండి.

సంపు పనితో కలిపి డెబ్భై ఒక్క వేలు అయింది. దుకాణంలో పాత టైల్స్ డిజైను ఎప్పుడో ఆగిపోయింది. తవ్వినంత మేర మేస్త్రి సాదా సిమెంటు మెత్తాడు. పచ్చాపసుపు గళ్ల నడుమ గుమ్మం పక్క నుంచి గేటు దాకా ముప్పై రెండు అడుగుల బూడిదరంగు పట్టీ. చూడ్డానికి బాగోలేదని, పోర్టికో మొత్తం కొత్త టైల్స్ వేయిద్దామని మావారు దసరాకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి అన్నారు. వద్దన్నాను. లైను ఎక్కడుందో ఇంటికి వచ్చిన ఎవరికైనా కనిపిస్తుంది. అత్తయ్య పొద్దున్న నడక ఇప్పుడు ఆ పట్టీ మీదే, కొసాకొసకూ, ఆరేడు అడుగులకోసారి కర్రతో తట్టుకుంటూ.